చేతి బ్రేకు సంగతి

కారులో కాలితో తొక్కే బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. హ్యాండ్‌బ్రేకుకు సాధారణంగా ఆ ఆయిల్‌తో పని లేదు. లివర్ లాగితే ఉక్కు కేబుల్ బిగుసుకుని, వెనక చక్రాల డ్రమ్ముల్లోని బ్రేక్ షూలను లోపలి గోడకు అదిమిపెడుతుంది. లాగేటప్పుడు వినిపించే కటకట, లివర్ అడుగున ఉన్న పళ్లది. ఒక్కో పన్ను దగ్గర చిన్న కొక్కెం పడి లివర్‌ను జారనివ్వదు. కొసన ఉన్న బటన్ నొక్కితే కొక్కెం లేస్తుంది.

ఆ కటకటలు ఎన్నో ఓసారి లెక్కపెట్టండి. ఎన్ని ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. లివర్ అంతకుమించి పైకొస్తోందంటే కేబుల్ సాగిందో, షూలు అరిగాయో అన్నమాట.

వానాకాలంలో ఇంకో తంటా. కేబుల్ తొడుగు చిరిగి నీళ్లు దిగితే తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. లివర్ దించినా బ్రేకు వదలదు. బండి బరువుగా కదులుతుంది, మైలేజీ పడిపోతుంది, వెనక చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. చక్రాన్ని ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది! బండి కడిగి, తడి మీదే హ్యాండ్‌బ్రేకు వేసి రోజుల తరబడి వదిలేసినా షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. అందుకే ఊరెళ్లేవాళ్లు బండిని చదును నేల మీద గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, హ్యాండ్‌బ్రేకు దించడం మేలు.

లివర్ పూర్తిగా దించినా డాష్‌బోర్డులో ఎర్రలైటు ఆరలేదా? బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. మెకానిక్‌కు చూపించే పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

ఘాట్ రోడ్డులో ఆపినప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేకు లాగండి, ఆ తర్వాతే గేరు వేయండి.