కాలేజీలో చేరే పిల్లలకు లాప్‌టాప్ ఎప్పుడు కొనాలి?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం లాప్‌టాప్. వినడానికి ఇది దుకాణంవాడు చెప్పవలసిన సంగతిలాగా ఉంటుంది. కాని ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా మన ఇండ్లలో పెండ్లి, ఇంటి రేకులు, మోటారు సైకిలు తర్వాత ఒక్కసారిగా నలభై, యాభై వేలు చేతిలోంచి పోయేది దీనికే. అందుచేత ఏ కంపెనీది కొనాలన్న దానికంటె ఎప్పుడు కొనాలన్నదే ఎక్కువ మాట్లాడతాను.

మనం ఇప్పటికీ ఎంసెట్ అనే పిలుచుకొనే ఈఏపీసెట్ ఫలితం వచ్చిన వారంలోపల లాప్‌టాప్ ఇంటికి రావడం మన దగ్గర అలవాటయింది. మంచి ర్యాంకు వస్తే బహుమానంగా, రాకపోతే ఓదార్పుగా. ఇక తేదీలు చూడండి. 2025లో ఫలితాలు మే 11న వచ్చినవి. మొదటి విడత సీట్ల కేటాయింపు జులై సగం దాటిన తర్వాత. చివరి విడత ఆగస్టులో. ఆ పైన కూడా చేరిన కాలేజీలోనే ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మారుకొనే వీలు ఇచ్చారు. అంటే మేలో కొన్న లాప్‌టాప్ మూడు నెలలు బీరువాలో పడి ఉంటుంది. పడి ఉంటే ఏం పోయిందంటారా? వారంటీ బీరువాలో పడి ఉండదు గదా, అది బిల్లు మీది తేదీ నుంచే నడుస్తుంది. ఏడాది వారంటీలో పావు వంతు మొదటి పాఠం వినకముందే అయిపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్నదానికి మార్చి ఇచ్చే గడువు సాధారణంగా వారం, పది రోజులే. లోపం బయటపడేసరికి అది ఎప్పుడో దాటిపోతుంది.

పంక్చర్ల పని చేసుకొనే ఒక భాయ్ సంగతి చెబుతాను. బిడ్డ కంప్యూటర్ సైన్సులో చేరుతుందని మే నెలలోనే ఆటలకు పనికివచ్చే బరువైన మిషను, డెబ్బై వేలు పోసి కొన్నాడు. ఆగస్టులో ఆ అమ్మాయి చేరింది బి.ఫార్మసీలో. "అబ్బా, మాకు రికార్డులు చేత్తోనే వ్రాయాలంట" అని చెప్పింది. రెండున్నర కిలోల బరువు, బ్యాటరీ రెండు గంటలు. హాస్టలుకు కూడా తీసుకుపోలేదు. తండ్రి ప్రేమలో లోపం లేదు, కొన్న నెలలోనే ఉన్నది లోపం.

ఇప్పుడు డబ్బు సంగతి. మన ప్రాంతంలో డబ్బు చేతికి వచ్చే నెలలు వేరు, ఖర్చు మీద పడే నెలలు వేరు. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. రైతుకే కాదు, యార్డులో హమాలీకి, బస్తాలు కుట్టేవారికి, ఆటోవాలాకు, టీ కొట్టుకు కూడా అదే పంట. అడవి వైపు తునికాకు పని ఏప్రిల్, మే. జూన్ రాగానే విత్తనాలు, చిన్నపిల్లల బడి ఫీజులు. జులై, ఆగస్టులలో గోదావరి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. వంతెన మీద రాకపోకలే ఆపివేసిన రోజులవి. సరిగ్గా ఆ నెలలలోనే కాలేజీ ఫీజు, హాస్టలు అడ్వాన్సు, పుస్తకాలు, దుప్పట్లు, బస్సు పాసు అన్నీ వచ్చి పడతాయి.

కాబట్టి డబ్బు పక్కన పెట్టవలసిన నెల మార్చి. కొనవలసిన నెల ఆగస్టు ఆఖరు, లేదా సెప్టెంబరు. మనం ఈ రెంటినీ కలిపేస్తున్నాం. వేసవిలో చేతిలో ఉన్నది గదా అని మేలోనే కొనేస్తం. లేదా ఆగస్టులో చేతిలో లేదు గదా అని వడ్డీకి తెస్తం. చిట్టీ వేసేవారు మార్చి, ఏప్రిల్‌లో చేతికి వచ్చేటట్టు చూసుకొని, ఆ డబ్బు పిల్లవాని పేర బ్యాంకులో వేసి ఆగస్టు దాకా ముట్టకుండా ఉంటే చాలు. 2025లో మాదిరిగా మిర్చి ధర పడిపోయిన ఏడు అయితే, కొనే లాప్‌టాప్ చిన్నది కావాలి గాని అప్పు పెద్దది కారాదు.

ఆ పక్కన పెట్టిన డబ్బు మీద కూడా మొదటి హక్కు ఫీజుది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది గదా అనవచ్చు. బి.సి.-ఇ కింద మన పిల్లలు చాలామంది దాని మీదనే చదువుతున్నారు, నిజమే. కాని బకాయిలు రాలేదని 2025 నవంబరులో రాష్ట్రంలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు మూసివేసి ఆందోళన చేసినవి. పైనుంచి డబ్బు ఆగినప్పుడు "ముందు మీరు కట్టండి" అన్న మాట చివరకు ఎవరి గుమ్మం ముందుకు వస్తుందో మీకు తెలుసు. అప్పుడు ఇంట్లో లాప్‌టాప్ ఉండి, చేతిలో రూపాయి లేకపోతే చాలా కష్టం.

ఇంతవరకు తొందరపడవద్దన్నాను. ఆలస్యం సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2020 నవంబరులో షాద్‌నగర్ బిడ్డ, ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి, ప్రాణం తీసుకున్నది. కరోనా మూలంగా క్లాసులన్నీ ఆన్‌లైనయి, చేతిలో లాప్‌టాప్ లేక, రావలసిన స్కాలర్‌షిప్ రాక, ఇంటికి భారమవుతున్నానని కుమిలిపోయిందని అప్పట్లో పత్రికలు వ్రాసినవి. పాతదైనా చాలునని అడిగిందట. ఆ తల్లిదండ్రులను ఎవ్వరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు, ఉన్నదంతా చదువుకే పెట్టిన కుటుంబం అది. నేను చెప్పదలచింది మన ఇండ్ల గురించి. పిల్లవాడు లాప్‌టాప్ అనగానే మనం "చూద్దాంలే" అంటాం. మనకు అది చిన్న మాట. పిల్లవాడికి అది రోజూ మెదిలే మాట. ఆడపిల్ల అయితే రెండోసారి అడగదు కూడా.

వాళ్ళకు ముందుగా కావలసింది ఒక తేదీ. "బేటా, ముప్ఫయి అయిదు వేలు పక్కన పెట్టినం. నీ సీటు ఖాయం కానీ, క్లాసులు మొదలై రెండు మూడు వారాలు పోనీ, సెప్టెంబరు పదిహేనులోపల కొంటం. అందాక కాలేజీ ల్యాబు, నా ఫోను వాడుకో" అని మార్చి నెలలోనే కూర్చోబెట్టి చెప్పండి. ఎంత ఉన్నదో, ఎంత లేదో కూడా చెప్పండి. లెక్క తెలిసిన పిల్లలు గొంతెమ్మ కోరికలు కోరరు. ఒకవేళ కాలేజీవారు మొదటి రోజు నుంచే తప్పనిసరి అన్నారనుకోండి, అప్పుడు సీటు ఖాయమైన మరునాడే కొనండి. అక్కడ ఆగడంలో తెలివేమీ లేదు.

కొందరు ధర తగ్గుతుందని ఆగుతారు. దీనిని నమ్ముకోవద్దు. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మార్చినప్పుడు టీవీల మీద తగ్గింది గాని లాప్‌టాప్ మీద 18 శాతం అట్లాగే ఉన్నది. 2023 ఆగస్టు 3న ప్రభుత్వం లాప్‌టాప్ దిగుమతికి లైసెన్సు కావాలన్నది. ఇక దొరకవేమోనన్న గాభరా పుట్టింది. మరునాడే ఆ ఉత్తర్వును అక్టోబరు ఆఖరు వరకు వాయిదా వేసినారు. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు ఆ చిప్పులను ఎగరేసుకొని పోతుండడమే కారణం. భద్రాచలంలో కూర్చొని ఆ బజారును మనం కనిపెట్టలేం. సీటు, అవసరం, చేతిలో డబ్బు ఈ మూడూ కుదిరిన రోజే మంచి రోజు. ఆగస్టు పదిహేను ప్రాంతంలో వచ్చే తగ్గింపులు ఆ రోజుతో కలిస్తే అదృష్టం.

బి.కాం. పిల్లలకు ట్యాలీకి, ఎక్సెల్‌కు మామూలుది సరిపోతుంది. కంప్యూటర్ బ్రాంచివారికి కూడా మొదటి ఏడు సి భాష నేర్చుకోవడానికి పెద్దదేమీ అక్కరలేదు. 8 జీబీ ర్యామ్, ఎస్.ఎస్.డి. ఉంటే చాలు. ర్యామ్ తర్వాత పెంచుకొనే ఖాళీ ఉన్నదా అని మాత్రం అడగండి. సివిల్, మెకానికల్ వారు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఏది వాడతారో లెక్చరరును అడిగిన తర్వాతే కొనాలి.

పాతది కొనడం నామోషీ కాదు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంటెల్‌లో ఎనిమిదవ తరానికి ముందువి చాలావరకు విండోస్ 11కు పనికిరావు. పన్నెండు వేలకు ఇస్తానంటే సంబరపడక ముందు అది చూడండి. గల్ఫ్ నుంచి అన్నయ్య తెస్తే సంతోషమే, పద్దెనిమిదేండ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తేవచ్చును. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో అక్కడ కొనేటప్పుడే అడగమనండి.

వాయిదాల సంగతి ఒకటి మిగిలింది. 'వడ్డీ లేని ఈఎంఐ' అని రాసి ఉంటే మనలో కొందరు మనశ్శాంతితో సంతకం పెడుతున్నారు. సున్నా వడ్డీ అనేది లేనే లేదని, అది ఏదో ఒక పేరుతో కలిసే ఉంటుందని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సర్క్యులరు ఇచ్చింది. సంతకానికి ముందు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒకేసారి కడితే ధర ఎంతో అడగండి. ఆ తేడానే మీరు కట్టే వడ్డీ.

అందుకే సొసైటీ ముందు ఒక సూచన పెడుతున్నాను. ఆగస్టులో చిన్న మొత్తం కర్జె హసనగా ఇచ్చి, తిరిగి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, అంటే మన చేతులలో డబ్బు ఆడే రోజులలో, మూడు వాయిదాలుగా తీసుకోవచ్చును. అయిదారు ఇండ్లతో మొదలు పెట్టవచ్చు. ఇంటర్ రెండవ సంవత్సరం పిల్లలున్నవారు మార్చి సమావేశంలోపల కార్యదర్శిగారికి పేర్లు ఇస్తే ఎంత కావాలో ముందే తెలుస్తుంది. పాత లాప్‌టాప్ కొనేవారికి దానిని పరీక్షించి పెట్టడానికి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న మన అబ్బాయిలు ఇద్దరు ఒప్పుకున్నారు. వెనుక వరసలో కూర్చున్నారు, సభ కాగానే కలవండి.