చింతగింజలు, రైలు చక్రాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985లో ఈ బడిలో పదో తరగతి పాసయ్యాను. "విదేశంలో రైల్వే వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చి వచ్చినవ్ కదా, దాని గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు" అని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేస్తే మా ఇంట్లో అందరూ నవ్వారు. ఎందుకంటే మన సంగారెడ్డి పట్టణానికి ఇప్పటికీ రైలు లేదు. మెదక్‌కు కూడా 2022లో గాని రాలేదు. మా చిన్నప్పుడు రైలు చూడాలంటే శంకర్‌పల్లికో లింగంపల్లికో పోవాలి. అట్లాంటి ఊరి పిల్లవాడు వేరే దేశపు డ్రైవర్లకు, స్టేషన్ మాస్టర్లకు పాఠం చెప్పడం వింతే.

అయితే మనకు రైలు లేకపోయినా యంత్రాలకు కొదవ లేదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరులో వందల కంపెనీలు. మా క్లాసులో సగం మంది నాన్నలు షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లే. నేను కూడా చదువయ్యాక పటాన్‌చెరులో కంట్రోల్ ప్యానెళ్లు తయారు చేసే చోట చేరాను. ప్యానెళ్ల నుంచి రైల్వే సిగ్నళ్లకు, సిగ్నళ్ల నుంచి శ్రీలంకకు దారి పడింది.

శ్రీలంకలో కొలంబో నుంచి ఉత్తరాన యాళ్పాణం, అంటే జాఫ్నా దాకా పోయే రైలు మార్గం ఉంది. 1956 నుంచి 'యాళ్ దేవి' అనే బండి ఆ దారిలో నడిచేది. యుద్ధం వల్ల 1990లో జాఫ్నాకు రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు, స్లీపర్లు పీకి బంకర్లకు వాడుకున్నారు. యుద్ధం 2009లో ముగిశాక, మన దేశం ఇచ్చిన రుణంతో మన ఇర్కాన్ సంస్థ ఆ మార్గాన్ని మళ్లీ వేసింది. 2013 సెప్టెంబరులో కిలినొచ్చి వరకు, 2014 అక్టోబరు 13న జాఫ్నా వరకు, 2015 జనవరిలో చివరి స్టేషన్ కాంకేసంతురై వరకు రైలు చేరింది. అక్కడి పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజ్ వెడల్పే, 1676 మిల్లీమీటర్లు. పట్టాలతో పాటు కొత్త సిగ్నళ్లు కూడా వచ్చాయి. వాటితో పని ఎట్లా చేయాలో సిబ్బందికి నేర్పిన బృందంలో నేనొకణ్ణి.

పాఠం చెప్పడం తేలికే అనుకుని పోయాను. అక్కడి డ్రైవర్లలో చాలామందికి నా కంటే ఎక్కువ అనుభవం. వాళ్లు ఏళ్ల తరబడి టాబ్లెట్ పద్ధతిలో బండి నడిపినవాళ్లు. టాబ్లెట్ అంటే ఒక గుండ్రటి లోహపు బిళ్ల. తోలు సంచిలో పెట్టి, పెద్ద కడియానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒక్క టాబ్లెట్ మాత్రమే బయటికి వచ్చేట్టు, రెండు స్టేషన్లలోని పెట్టెలను కరెంటుతో ముడిపెడతారు. బిళ్ల చేతిలో ఉంటే దారి నీది, ఎదురుగా ఇంకో బండి రాదు. 1874లో ఇంగ్లండులోని థోర్ప్ దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాక ఎడ్వర్డ్ టయ్యర్ 1878లో ఈ ఏర్పాటు కనిపెట్టాడు. మన దగ్గర కూడా పాత స్టేషన్లలో ఇట్లాంటి టోకెన్ ఇచ్చిపుచ్చుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు.

కొత్త పద్ధతిలో ఆ బిళ్ల ఉండదు. దీపం పచ్చగా ఉంటే పోవడమే. మొదటి వారంలోనే ఒక పెద్ద వయసు డ్రైవరు లేచి నిలబడి అడిగారు: "అయ్యా, టాబ్లెట్ నా చేతిలో ఉంటుంది. ఆ దీపం ఎవరి చేతిలో ఉంది?"

ఇది మొండితనం కాదు. బండిలో వెనకాల వందల మంది ఉంటారు. చీకట్లో ఒంటరిగా ముందు కూర్చున్న మనిషి దేన్ని నమ్మి వేగం పెంచాలి? ఆ ప్రశ్నకు మా స్లైడ్లలో జవాబు లేదు. సర్క్యూట్ బొమ్మలున్నాయి, ఇంగ్లీషు నియమాలున్నాయి. వాటిని చదివి సంతకం పెట్టమంటే పెడతారు, కానీ నమ్మరు. నమ్మకం లేని మనిషి చేతికి నియమం ఇస్తే, ఇబ్బంది వచ్చిన రాత్రి దాన్ని పక్కన పెట్టేస్తాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది చిన్న తరగతుల్లో మన మేడమ్ చింతగింజలతో లెక్కలు నేర్పడం. శ్రీలంకలో చింతపండుకు కరువు లేదు. గది ఈ కొసన ఒకరిని, ఆ కొసన ఒకరిని గింజలతో కూర్చోబెట్టాం. మిగతావాళ్లు వరుసగా నడిచి బండి అయ్యారు. ఆక్సిల్ కౌంటర్ చేసే పని ఇంతే: సెక్షన్‌లోకి ఎన్ని ఇరుసులు పోయాయో ఈ కొసన లెక్క, ఎన్ని బయటికి వచ్చాయో ఆ కొసన లెక్క. ఆరు ఇరుసుల ఇంజను, నాలుగేసి ఇరుసుల బోగీలు ఎనిమిది. మొత్తం 38. అటువైపు కూడా 38 వస్తేనే సెక్షన్ ఖాళీ. మధ్యలో ఒక బోగీ ఊడి ఉండిపోయిందనుకోండి, అటు 34 గింజలే పడతాయి. నాలుగు తేడా. లెక్క కలవనంత వరకు వెనక వచ్చే బండికి దీపం ఎర్రగానే ఉంటుంది. యంత్రం చెడిపోయినా ఎరుపే.

పాత పద్ధతిలో చివరి బోగీ దీపాన్ని కళ్లతో చూసి బండి పూర్తిగా వచ్చిందో లేదో చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ చూపును గింజల లెక్క బలపరుస్తోంది. ఆ పెద్ద డ్రైవరు గింజలు తానే తీసుకుని, కావాలని రెండు దాచేసి, "ఇప్పుడు చెప్పు" అన్నారు. లెక్క కలవలేదు. "ఎరుపు" అన్నాను. "రతు" అని సింహళంలో ఆయనే క్లాసుకు చెప్పారు. ఆ రోజు నుంచి పాఠం సగం ఆయనే చెప్పారు.

భాష సంగతి కూడా చెప్పాలి. క్లాసులో సింహళం మాట్లాడేవాళ్లు, తమిళం మాట్లాడేవాళ్లు కలిసి కూర్చునేవారు. మనకు పొగబండి, తమిళానికి పుగైవండి, సింహళానికి దుమ్‌రియ. మూడింటికీ అర్థం ఒక్కటే. ముప్పై నలభై మాటలు రెండు భాషల్లో నేర్చుకున్నాను. నా ఉచ్చారణకు నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు ప్రశ్న అడగడానికి భయపడరు.

తెలుగు వినపడుతుందని మాత్రం అనుకోలేదు. అనూరాధపురానికి దక్షిణాన, అదే రైలు మార్గంలో తంబుత్తేగమ ఉంది. దానికి దగ్గర్లోని కుడాగమ అనే ఊళ్లో అహికుంటకులనే సమాజం వారున్నారు. పాములాడించడం, జోస్యం చెప్పడం వారి పాత వృత్తులు. వాళ్ల ఇంటి భాష తెలుగు. యాస వేరే, మధ్యలో సింహళం మాటలు, కానీ అది తెలుగే. ఒక సెలవు రోజు పోయి కాసేపు కూర్చున్నాను. బడి లేకుండా, అచ్చుపుస్తకం లేకుండా తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి తరతరాలుగా నిలిచిన భాష అది. సొంత భాషలో విన్నది ఎంత లోతుగా నాటుకుంటుందో అక్కడ చూశాను.

అందరికంటే కష్టమైన క్లాసు లెవెల్ క్రాసింగ్ గేట్ల వాళ్లది. 24 ఏళ్లు రైలు లేని ప్రాంతం అది. పాతికేళ్ల లోపు పిల్లలు తమ ఊళ్లో రైలు చూసి ఎరుగరు. కట్ట మీద పశువులు, సైకిళ్లు తిరగడం అలవాటు. గేటు వేసి తాళం పడితే గాని సిగ్నల్ పచ్చ కాదని, అందుకే తొందరపడి గేటు తీయకూడదని వాళ్లకు చెబుతున్న రోజులవి. అప్పుడే, 2014 జులై 24న, మాసాయిపేట వార్త వచ్చింది. కాపలా లేని క్రాసింగ్ దగ్గర బడి బస్సును రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు. అప్పటికి మాసాయిపేట మన మెదక్ జిల్లాలోది, ఆ జిల్లాకు కేంద్రం మన సంగారెడ్డి.

మర్నాడు క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు: "అణ్ణా, అక్కడ గేటు దగ్గర మనిషి ఎందుకు లేడు?" వాళ్లకు పాఠం చెప్పడానికి పోయింది మన దేశం నుంచి. అప్పటికి మన దేశంలో అట్లాంటి కాపలా లేని క్రాసింగులు వేలల్లో ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజు ఎవరూ గడియారం వంక చూడలేదు. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగులన్నీ తీసేయడం 2019 జనవరికి పూర్తయింది. మంచిదే. మాసాయిపేట తల్లిదండ్రులకు మాత్రం అది ఆలస్యమే.

ఇదంతా ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, మన చుట్టూ ఉన్న కంపెనీల కోసం. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. అది ఎందుకు జరిగిందో తేల్చడం నా పని కాదు. నాకు తెలిసిన సంగతి ఒకటే: ప్రాణం కాపాడే నియమం మనిషికి తన భాషలో, తన చేతులతో చేసి నేర్చుకుంటేనే తనదవుతుంది. గోడ మీద బోర్డు ఇంగ్లీషులో, తెలుగులో ఉంటే, చదివే మనిషికి ఒడియా మాత్రమే వస్తే, ఆ బోర్డు గోడకు రంగు వేసినట్టే.

అందుకే సంఘానికి ఒక విన్నపం. బీహెచ్ఈఎల్‌లో, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో, ఫార్మా కంపెనీల్లో పనిచేసి రిటైరైన మన అన్నలు, అక్కలు ఈ హాలులోనే ఎంతోమంది ఉన్నారు. బడి గదులు ఆదివారం ఖాళీగా ఉంటాయి. నెలకు ఒక ఆదివారం కొత్తగా పనిలో చేరిన ఐటీఐ పిల్లలకు, బయటి రాష్ట్రాల కార్మికులకు భద్రతా పాఠం చెబుదాం. హిందీ, ఒడియా వచ్చినవాళ్లను వెతికి పెట్టుకుందాం. స్లైడ్లు తక్కువ, చేతిపని ఎక్కువ. హెడ్మాస్టరు గారు, ఎస్ఎంసీ వాళ్లు ఒప్పుకుంటే మొదటి ఆరు నెలల ఆదివారాలు నావి. పేర్లు రాయించుకోవడానికి భోజనాల దగ్గర నోటుబుక్కు పెట్టమని కార్యదర్శి గారిని అడిగాను.

మాకు లెక్క నేర్పిన ప్రతి గురువుకూ పాదాభివందనం.