చూపు మారుతుందని ముందే చెప్పండి

ఈరోజు నర్సింగ్, ఆప్టోమెట్రీ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

మన మోర్తాడ్ చుట్టూ పసుపు చేలలో నడిచే కాళ్లున్నాయి, బీడీలు చుట్టే చేతుల మీద నిలిచే కళ్లున్నాయి. ఆ కాళ్లకూ కళ్లకూ సంబంధించిన ఒక మాట మీతో చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండు ఎంతకూ మానకపోతే పెద్దాసుపత్రుల్లో కొందరికి హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స ఇస్తారు. మామూలు గాలి కంటే రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడి ఉన్న ఛాంబర్‌లో గంటన్నర దాకా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాలి. ఇలా 30, 40 సార్లు.

20 సార్లు దాటేసరికి చాలామందికి దూరపు చూపు మసకబారుతుంది. కనుగుడ్డు పొడవు మారదు, కార్నియా వంపూ మారదు. కంటి కటకం మీద ఆక్సిజన్ ప్రభావం పడి దాని వక్రీభవన గుణం మారడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. బీడీలు చుట్టే, చత్వారం ఉన్న అమ్మకు మాత్రం అద్దాలు లేకుండానే తునికాకు స్పష్టంగా కనిపించవచ్చు, కళ్లు బాగయ్యాయని ఆమె సంబరపడవచ్చు. ఈ రెండు మార్పులూ చాలామందిలో తాత్కాలికమే. చికిత్స ముగిసిన కొన్ని వారాల్లోనో, కొన్ని నెలల్లోనో పాత చూపు తిరిగొస్తుంది.

ఈ సంగతి ముందే చెప్పకపోతే ఏమవుతుంది? రోగి భయపడి చికిత్స మధ్యలోనే మానేస్తాడు, కాలు ప్రమాదంలో పడుతుంది. లేదా అప్పు చేసి కొత్త అద్దాలు కొంటాడు, రెండు మూడు నెలలకు అవి పనికిరావు.

ఆక్సిజన్ కంటిని మార్చగలదని ప్రపంచం పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. 1940, 50లలో నెలలు నిండకుండా పుట్టిన వేలమంది పసివాళ్లు, అదుపు లేకుండా ఆక్సిజన్ ఇచ్చినందువల్ల చూపు కోల్పోయారు. ఆ తర్వాత వైద్యులు ఆక్సిజన్‌ను మానలేదు, మోతాదు చూసి ఇవ్వడం, కళ్లను కనిపెట్టి ఉండటం నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు అలాంటి శిశువుల కళ్లను పరీక్షించే పనిని ఏళ్ల తరబడి చేస్తున్నారు.

పెద్దవాళ్ల విషయంలోనూ ఆ జాగ్రత్తే కావాలి. 1984లో స్వీడన్ పరిశోధకులు 150 నుంచి 850 సార్లు ఛాంబర్ చికిత్స పొందినవాళ్లను గమనిస్తే కొందరికి శుక్లాలు వచ్చాయి. కాబట్టి చికిత్సకు ముందే కళ్లు పరీక్షించి రాసిపెట్టండి. చూపు మసకబారితే బండి నడపవద్దని చెప్పండి. హఠాత్తుగా చూపు పోయినా, తెర పడినట్టున్నా, నల్లని చుక్కలు తేలినా ఛాంబర్ వల్లే అనుకోకండి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని ఉండవచ్చు, వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పంపండి.

మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ప్రశ్న అడగడానికే జంకుతారు. వాళ్లు అడిగేదాకా ఆగకండి. మందు ఏమి చేస్తుందో, దాంతో పాటు ఇంకేమి రావచ్చో, వాళ్ల మాటల్లోనే వివరించండి. ఆ వివరణ కూడా వైద్యంలో భాగమేనని ఈ పట్టా సాక్షిగా గుర్తుంచుకోండి.