మీ ఊరి తొలి పంతులు పేరేంది?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



 ముందుగాల ఒక ప్రశ్న అడుగుతం. మీ ఊరి తొలి పంతులు పేరేంది? తెలిసినోళ్లు చెయ్యి లేపండి.

చూసిన్రా, ఐదారు చేతులే లేచినయి. వాళ్లను గుడ సర్కారు బడి పెట్టినంక వచ్చిన సారు పేరే చెప్పుమంటే చెప్తరు. అంతకు ముందు ఒక్క కొట్టంల, ఒక్క అరుగు మీద, ఊరి పిల్లలందరిని కూసోబెట్టి అఆలు దిద్దించినాయన ఎవరో మనకు తెల్వదు. మాకు గుడ తెల్వదు. అందుకే బయల్దేరినం.

మేము ముగ్గురం. ఒకరు విలేకరి, ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, ఒకరు పరిశోధక విద్యార్థి. ఉద్యమం నడిచిన రోజుల్ల టీవీ చర్చల్ల ఒక మాట పదేపదే విన్నం: మీకు చదువెక్కడిది, బయటనుంచి వచ్చినోళ్లు నేర్పితేనే గదా అని. కోపమైతే మస్తు వచ్చింది. కని జవాబు చెప్పెటందుకు మా చేతుల ఒక్క పంతులు పేరు లేకుండె. రాష్ట్రం 2014ల వచ్చింది, పేర్లు మాత్రం ఇంక రాలేదు.

పాత బడులంటే ఏమేమి ఉండె? వీధి బడి ఉండె, దాన్నే కానిగి బడి అన్నరు. పంతులుకు జీతం లేదు. పిల్లల ఇండ్ల నుంచి గింజలు, పండుగకు బట్టలు, దసరాకు పిల్లలను వెంటేసుకొని ఇంటింటికి తిరిగితే వచ్చే పైసలు, అంతే. ఇసుకల రాయించుడు, ఎక్కాలు వల్లె వేయించుడు, మాట వినకపోతే కోదండం వేయించుడు. ముసలోళ్లకు పంతులు పేరు యాది లేదు గని కోదండం మాత్రం యాదికున్నది! నిజాం సర్కారు 1333 ఫసలీల, అంటే 1923-24ల, ఖాన్గీ బడుల మీద నిబంధనలు తెచ్చింది. ముందుగాల అనుమతి తీసుకోకుంట ప్రైవేటు బడి నడపొద్దన్నది. దాంతోటి ఊర్లల్ల బడులు చానా మూతపడ్డయి.

ఇంకొక తీరు బడి మిషనోళ్లది. మెదక్‌ల వెస్లియన్ మెథడిస్టులు, నల్లగొండ, హనుమకొండ దిక్కు అమెరికన్ బాప్టిస్టులు, డోర్నకల్‌ల ఆంగ్లికన్లు. మాల, మాదిగ వాడల్ల ఒక కొట్టం ఏస్తరు, ఒక్క మనిషిని పెడ్తరు. పొద్దున ఆయనే బళ్లె పంతులు, ఆదివారం ఆయనే ప్రార్థన చేయిస్తడు. మెదక్ పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. దాన్ని కట్టించిన పోస్నెట్ దొర పేరు అందరికి తెలుసు. ఆయన కాలంల ఊరూరా పలకలు పట్టిచ్చినోళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

వంశవృక్షం పట్టుకొని పాత పంతుళ్లను వెతికే పని అమెరికాల బాగ నడుస్తది. అక్కడ గుడ పల్లెటూర్లల్ల ఒక్క గది బడులే ఉండె, ఒక్క పంతులమ్మే అన్ని తరగతులు చెప్తుండె. వారానికి ఒక ఇంట్ల తిండి, ఒక ఇంట్ల పడక. మన పంతుళ్ల లెక్కనే. కని వాళ్లకొక సౌలతున్నది. 1850 నుంచి వాళ్ల జనాభా లెక్కల్ల ఇంటింటి మనుషుల పేర్లున్నయి, పనులు గుడ రాసుంటయి. 72 ఏండ్లు నిండితే ఆ కాగితాలు జనం చూడొచ్చు. 1950 లెక్కలు 2022ల తెరిచిన్రు. అయినా పెండ్లయి ఇంటిపేరు మారిన పంతులమ్మ కాగితాలల్ల తప్పిపోతది, పెండ్లి రిజిష్టర్ల పట్టుకోవాలె.

మన దగ్గర ఆ దారి లేదు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం మన ఇంటి కాగితం ఎవరూ చూడరాదు. మరి ఏం జేసినం? పిచ్చుకుంట్లోళ్ల దగ్గరికి పోయినం. గోత్రం, ఇంటిపేరు, ఏడు తరాలు నోటికి చెప్పిన్రు. డక్కలోళ్ల దగ్గరికి పోయినం, మాదిగ ఇండ్ల గోత్రాలు చెప్పిన్రు. కని పంతులుతనం గోత్రంల ఉండదు గదా! ఎవరి కొడుకు ఎవరో తెలిసింది, ఎవరు బడి పెట్టిన్రో తెల్వలేదు. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీలు చూసినం. పంతులుకు ఎకరమో అరెకరమో ఉంటే అది కొడుకు పేరు మీద దొరుకుతది, కొడుకును పట్టుకొని తండ్రి దాక పోవచ్చు. బళ్లె పాత దాఖలా రిజిష్టర్లు పనికొచ్చినయి. పిలగాని తండ్రి పేరు పక్కన వృత్తి అని ఒక గడి ఉంటది. "కూలి, కూలి, వ్యవసాయం, కూలి" అని వరుసగ చదువుకుంట పోతుంటే ఒక్కకాడ "పంతులు" అని కనపడితే మా హెడ్మాస్టరు సారు కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు.

మా తప్పు ఒకటి చెప్పాలె. ఒక ఇంటి సందూకల బడి అనుమతి కోసం పెట్టుకున్న అర్జీ నకలు దొరికింది. ఉర్దూ, గొలుసుకట్టు రాత. మా ముగ్గురికీ చదవరాదు. దాని మీద 1340 అని మాత్రం గుర్తువట్టినం. హిజ్రీ అనుకొని 1921 అని రాసుకున్నం, మా ఊరి మొదటి బడి ఇదే అని సంబురపడ్డం. పాతబస్తీల ఒక పెద్దాయన అద్దాలు సర్దుకొని చదివి, "అరే, ఇది ఫసలీ గద బేటా, 590 కలుపు" అన్నడు. అంటే 1930. తొమ్మిదేండ్లు ముందే పంతులును చేసినం ఆయనను! లెక్క చూస్తే అప్పటికి ఆయన ఇంక పిలగాడే. మీరు గుడ ఇంట్ల పాత కాగితం చూస్తే ముందు ఫసలీనా హిజ్రీనా చూసుకోండి.

అన్నిటికంటె ఎక్కువ ఇచ్చింది మిషను రిజిష్టర్లు. బాప్తిస్మం, పెండ్లి, చావు, మూడు పుస్తకాలు. పెండ్లి పుస్తకంల పెండ్లికొడుకు పని రాస్తరు, సాక్షుల పేర్లు రాస్తరు. తండ్రిది ఊరి దేవత పేరు, కొడుకుది బైబిలు పేరు. పేరు మారిన చోట మనిషి మాయమైతడు, అమెరికా పంతులమ్మ లెక్కనే. ఆ రెండు పేర్లను ఒక్క వరుసల రాసిపెట్టింది ఆ పుస్తకమే. అట్ల పాత మెదక్ జిల్లాల ఒక ఊరి పంతులును పట్టుకున్నం. ఊరి పేరు చెప్పం, ఎందుకో మీకే తెలుస్తది.

ఆయన చిన్న కోడలు ఇంక బతికే ఉన్నది. తొంబైకి దగ్గర వయసు. పోంగనే "ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా, అన్నం తిన్నరా" అన్నది. అత్తగారింట్ల విన్నదంత చెప్పింది. పొద్దున పిల్లలు రారట. దొర పశువుల కాడికి పోతరు. అందుకని మామ రాత్రి బడి పెట్టిండు, కందిలి కింద. పిల్లల వెనక వాళ్ల నాయినలు గుడ వచ్చి కూసుందురట. పట్వారి ఇచ్చిన రశీదు తెచ్చి, "పంతులూ, ఇండ్ల ఏముందో సదువు" అందురట. ఒకసారి కట్టిన పైకం రశీదుల తక్కువున్నది. చదివి చెప్పిండు. తెల్లారి దొర గడికి పిలిపించిండు. నడుమ ఏమైందో ఆమెకు తెల్వదు. తిరిగొచ్చినంక మూడు రోజులు మాట్లాడలేదట, నాలుగో రోజు మళ్ల కందిలి ముట్టిచ్చిండట.

ఇగ అసలు సంగతికి వస్తం. ఆ పంతులు మనుమడు సర్కారు కొలువుల ఉన్నడు. సంబురంగ పోయి రిజిష్టరు ఫోటో చూపెట్టినం. ఆయన ముందుగాల లేచి తలుపు దగ్గరేసిండు. "అన్నా, మీరు మంచోళ్లే. ఇది పేపర్ల రాస్తే నా బిడ్డ సర్టిఫికెట్ పోతది" అన్నడు.

ఆయన భయం ఉత్తగ వచ్చింది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుల మూడో పేరా ప్రకారం హిందువు కానోడు ఎస్సీ కాడు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను చేర్చిన్రు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలకు పోయినోళ్లకు బీసీ-సీ కింద ఒక శాతం. 2024 నవంబర్‌ల గుడ సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసుల, బాప్తిస్మం పుచ్చుకొని క్రైస్తవంల ఉన్నామె కొలువు కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడగరాదని తీర్పిచ్చింది. మాకు చరిత్ర అయిన కాగితం ఆయన ఇంటికి రుజువైతది. మతం మారితే వాడ మారిందా? ఆ పంతులును గడి ముందట నిలబెట్టిన రోజు ఆయన ఏ దేవునికి మొక్కుతడని దొర అడిగిండా? మా మటుకు ఆ మూడో పేరా అన్యాయం. కని మా అభిప్రాయంతోటి ఆ బిడ్డ సీటు నిలబడదు గదా.

మాల మాకే కొట్లాట అయింది. పరిశోధక విద్యార్థి అన్నడు, పేరు రాయకుంటే ఇగ మనం చేసిందేంది, మళ్ల ఆయనను మాయం చేసినట్టే గదా అని. హెడ్మాస్టరు సారు అన్నడు, సచ్చినోని పేరు కోసం బతికినోళ్ల పొట్ట కొట్టుడు పంతులుతనం కాదని. మూడు నెలలు తెగలేదు. చివరికి ఒకటనుకున్నం. ఇంటోళ్లు ఒప్పుకుంటెనే పేరు, ఊరు. ఒప్పుకోకుంటే బడి కథ మాత్రమే రాస్తం, రిజిష్టరు నకలు ఇంటోళ్లకే ఇచ్చేస్తం. పరిశోధక విద్యార్థికి ఇది ఇంక నచ్చలేదు. అగో, ఆ మూల కూసొని మా దిక్కే చూస్తున్నడు.

విద్యార్థి మిత్రులు ఎండకాలం సెలవులకు ఊర్లకు పోతరు. నాయినమ్మను, అమ్మమ్మను అడగండి. పంతులు ఎవరని అడగకండి, చెప్పరు. కందిలి ఎవరింట్ల ముట్టిస్తుండె, రశీదు ఎవరితోటి చదివిస్తుండె, దసరాకు పిల్లలను వెంటేసుకొని ఎవరు తిరుగుతుండె అని అడగండి. దొరికిన కాగితం ఫోటో తీసేముందు ఆ ఇంటోళ్లను అడగండి.

ఆ మనుమడు మమ్ములను పంపేముందు ఇంకొకటి అడిగిండు. ఆ పేజీ చదివి వినిపియ్యుమన్నడు. ఇంగ్లీషుల ఉన్నది, తెలుగుల చెప్పినం: తండ్రి పేరు, వయసు, ఊరు, పని కాడ పంతులు అని. బిడ్డ నోటుబుక్కు చివరి పేజీల అదంత రాసుకున్నడు. మళ్ల ఆ పేజీ చింపి, మడిచి, అంగి జేబుల పెట్టుకున్నడు.