వారానికి ఒక్కటే అని ఎవరూ చెప్పలేదు

(నాచారంలో జరిగిన బస్తీ స్త్రీల సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె కోరిక మేరకు పేరు వేయడం లేదు.)



మైకు పట్టుకోవడానికి నాకింతసేపు పట్టిందని నవ్వకండి. పొద్దున లేచాక గంటన్నర దాకా నా గుప్పిట ముడుచుకోదు. జాకెట్ హుక్కు మా అమ్మాయి పెట్టాలి. పాల పాకెట్టు పళ్లతో కొరుకుతాను. మధ్యాహ్నానికి కాస్త సర్దుకుంటుంది. అప్పుడు చూసినవాళ్లు ‘మంచిగనే ఉన్నవు కదా’ అంటారు.

నేను ఇక్కడి పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనికి పోయేదాన్ని. రోజంతా నిలబడి అట్టపెట్టెలకు టేపు వేయాలి. మొదట రెండు చేతుల వేళ్ల మొదళ్లూ ఒకేసారి వాచాయి. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నాడు సూపర్‌వైజరు. చల్లనీళ్లలో చేతులు పెట్టొద్దంది మా అత్తమ్మ. మరి బట్టలెవరు ఉతకాలో చెప్పలేదు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రెండేళ్లు మింగాను. ఆ బిళ్ల నొప్పిని అణుస్తుందే గానీ లోపల కీలు పాడవడాన్ని ఆపదని నాకప్పుడు తెలియదు.

ఈ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్లవాతం అంటారు గానీ ముసలితనంలో మోకాళ్లు అరిగే జబ్బు వేరు, ఇది వేరు. రోగాలతో పోరాడవలసిన ఒంటి శక్తి దారితప్పి, సొంత కీళ్ల లోపలి పొర మీదే పడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే వేళ్లు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. నావి రెండు అప్పటికే వంగిపోయాయి. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది, కణాల సంగతులన్నీ లోపల పరిశోధిస్తారు. ఎన్నోసార్లు బస్సులో ఆ గేటు ముందు నుంచే పోయాను. నా కణాలు నన్నే తింటున్నాయని మాత్రం నాకు చెప్పినవాళ్లు లేరు.

నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. జీతంలో కోత పడేది గానీ కార్డు నా చేతికి రాలేదు, అందుకని ఆ గుమ్మం ఎక్కలేదు. నేను పోయింది వేరే చోటికి. దాని పేరు ఇక్కడ అనవసరం. ఓపీ చీటీకి తెల్లవారకముందే లైను కట్టాలి. ఈ జబ్బు మనిషిని కదలనివ్వనిది సరిగ్గా ఆ వేళలోనే! లోపల రెండు నిమిషాలు. పిల్లలెంతమంది, మీ ఆయన రాలేదా, ఊరికే మనసులో పెట్టుకోకు. మూడోసారికి రక్తపరీక్ష రాశారు. ఆర్ఏ ఫ్యాక్టర్ లేదు కాబట్టి జబ్బే లేదన్నారు. ఆ పరీక్షలో ఏమీ కనబడకపోయినా జబ్బు ఉండవచ్చు. కొన్నాళ్లకు ఒక జూనియర్ డాక్టరమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. అంతవరకూ నా చెయ్యి ముట్టుకున్నవాళ్లు లేరు.

ఆమె మందులు రాసింది. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ మందు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. ఆ మాట చీటీ మీద ఇంగ్లీషులో ఉంది. కౌంటరులో అతను కవరులో వేసి ఇచ్చాడు. ఆమెకూ తీరిక లేదు, అతనికీ లేదు. నేను రోజూ వేసుకున్నాను. వారం తిరిగేసరికి నోరంతా పుండ్లు, జ్వరం. తెల్లకణాలు పడిపోయాయని చేర్చుకున్నారు. ‘చదువుకోలేదా?’ అన్నాడు పెద్ద డాక్టరు. పదో తరగతి చదివాను సార్, తెలుగులో, అన్నాను.

బతికాను. పక్క మంచం ఆమె చెప్పింది, పనికి పోలేని రోజులకు ఇ.ఎస్.ఐ. నుంచి ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుందని. కాకపోతే ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. మా కాంట్రాక్టరు నా పేరు మధ్యలో తీసి మళ్లీ రాశాడు. నాకు 78 నిండలేదు.

ఇంటికి పంపేటప్పుడు కేసు షీటు అడిగితే ‘నీకెందుకమ్మా’ అన్నారు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మనవాళ్లు ఇద్దరు నాతో వచ్చి అర్జీ రాసిచ్చారు. అయిదో రోజున ఇచ్చారు. అందులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. మా అమ్మాయి చదివి చెప్పింది: రోగి మందును తప్పుగా వాడింది. ఎందుకు వాడిందో లేదు. ఆ కాగితంలో తప్పు నాదొక్కదానిదే.

1991లో మన హైదరాబాదు స్త్రీలు కూడి ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చారు, మన ఒంటి సంగతి మన భాషలో మనకు తెలియాలని. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ రోగికి తెలిసిన భాషలో చెప్పాలనే ఉంది. నేనడిగేది కవరు మీద రెండు ముక్కలు: ‘వారానికి ఒకసారి’. రబ్బరు స్టాంపు చాలు.

ఇప్పుడు అదే మందు వాడుతున్నాను. ఆదివారం మాత్రమే. మందు మంచిదే, భయపడి మానకండి. రక్తపరీక్షలు మాత్రం తప్పించకూడదు. గర్భానికి చేటు కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మాటా నాకెవరూ చెప్పలేదు, నా వయసు చూసి వదిలేశారేమో.

కేసు షీటులో ఆ వాక్యం పక్కన నా మాట కూడా చేర్చమని అర్జీ ఇవ్వబోతున్నాను. వచ్చే బుధవారం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆరున్నరకు బస్సెక్కాలి. 2023 డిసెంబరు నుంచి మనకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు లేదు. ఇద్దరైనా నాతో రావాలి. ఆ వేళకు నా వేళ్లు కలం పట్టవు, నేను చెబుతుంటే ఎవరైనా రాయాలి.