ముహూర్తం కుదిరింది, హాలే కుదరలేదు



నిశ్చితార్థం అయిన మర్నాటి నుంచే హాలు వేటలో పడ్డాం. మేం దాచుకున్నది 12 వేల పౌండ్లు. అప్పు చెయ్యకూడదని ముందే అనుకున్నాం.

మొదటి హోటల్లో హోమం అనగానే పొగ అలారం మోగుతుంది, కుదరదన్నారు. రెండోచోట బయటి వంట రానివ్వమన్నారు. మూడోచోట అన్నీ సరే, శనివారం అద్దె విని లేచి వచ్చేశాం. పైగా మా ముహూర్తం తెల్లవారుజామున 4:20కి. అంత పొద్దున్నే తలుపు తీసేదెవరు?

ఆ వారమే పెళ్లికూతురి నాన్నగారు రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "ఎకరం అమ్మేస్తానమ్మా, మంచి హాలు చూసుకోండి" అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మన పంతులుగారి దగ్గరికి వెళ్లాం. పంచాంగం చూసి శుక్రవారం ఉదయం 10:40కి ఇంకో ముహూర్తం పెట్టారు. మన గుడి హాలు ఆ రోజు ఖాళీయే. పొలం నిలిచింది.

కానీ హాల్లో పట్టేది 150 మందే. మా జాబితాలో 300 పేర్లు. పిలవలేకపోయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. దయచేసి మన్నించండి. పెళ్లయ్యాక వచ్చే ఆదివారం ఇక్కడే అందరికీ మా చేత్తో వడ్డిస్తాం.

పెళ్లి కుదిరిన పిల్లలకు ఒక్క మాట. అద్దె కంటే ముందు హోమం, వంట, ముహూర్తం వేళ అడగండి. ఇంగ్లండులో రిజిస్టర్ ఆఫీసు నోటీసుకు కనీసం 28 రోజులు పడుతుంది, అదీ మరిచిపోకండి.

మీ ఆశీస్సులు కావాలి.