సరస్సు కాచే ద్రాక్షతోటలు

అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చాను. ఏం చూసొచ్చారని అడిగినవారందరికీ కలిపి ఈ నాలుగు మాటలు.

న్యూయార్కు రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అని పదకొండు సరస్సులున్నాయి, చేతివేళ్లలా పొడుగ్గా. వాటిలో సెనెకా సరస్సు లోతు 618 అడుగులు. అంత నీరు వేసవి వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. వసంతంలో చల్లగా ఉండి, ఒడ్డునున్న తీగలు తొందరపడి చిగుర్చకుండా ఆపుతుంది. ముందే చిగురిస్తే ఆఖరి మంచుకు మాడిపోవూ? అందుకే తోటలు సరస్సు వాలుల్లో వేస్తారు.

అయినా యూరప్ ద్రాక్ష అక్కడి చలికి బతకదనే చాలాకాలం అనుకున్నారు. ఉక్రెయిన్ నుంచి కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ఆయన 1951లో అమెరికా చేరేసరికి యాభై దాటాయి. ద్రాక్షసాగులో డాక్టరేటు ఉంది, ఇంగ్లీషు లేదు. జెనీవా ఊళ్లోని వ్యవసాయ ప్రయోగకేంద్రంలో కలుపు తవ్వే పని ఇచ్చారు. సర్వీసు రిజిస్టరు తెరవకుండానే సీటు కేటాయించడం మన దగ్గరే అనుకున్నాను! చలికి ఓర్చే వేరుమొక్క మీద అంటు కడితే బతుకుతుందని ఆయన వాదన. షార్ల్ ఫోర్నియే అనే ఫ్రెంచి వైన్ నిపుణుడు నమ్మి పనిలో పెట్టుకున్నాడు. అంట్లు బతికాయి. 1962లో, మనం పెన్షను కాగితాలు పట్టుకుని తిరిగే వయసులో, ఆయన క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ తెరిచాడు. 1985లో పోయాడు. ఇప్పుడక్కడ నాలుగో తరం పనిచేస్తోంది.

చలికాలం ముందు అంటు మీదికి మట్టి ఎగదోసి, వసంతంలో తీసేస్తారట. అక్కడి రీస్లింగ్ వైన్‌కు మంచి పేరు. నేను కాఫీ మనిషిని, ముట్టలేదు. బాగుందని మా అల్లుడన్నాడు.